ఈసీఈనా, సీఎస్ఈనా? – రెండూ కలిపి చదివేవారి కోసం ఒక పాఠం



మామిడి కోతలు ముగిసి వానలు మొదలయ్యే రోజుల్లో ప్రతి ఏడూ మాకు హాస్టల్ తమ్ముళ్ళ ఫోన్లు వస్తాయి. "అన్నా, ర్యాంకు వచ్చింది. ఈసీఈ పెట్టాలా, సీఎస్ఈ పెట్టాలా?" అని అడుగుతారు. అప్పటికి వెబ్ ఆప్షన్ల గడువు ఒకటి రెండు రోజులే మిగిలి ఉంటుంది. నెట్ సెంటర్లో కూర్చున్నతను "అందరూ ఇదే పెడుతున్నారు" అని ఒకటి చెబుతాడు. కాలేజీల తరఫున ఊళ్ళు తిరిగే ఏజెంటు మరొకటి చెబుతాడు. ఇంట్లో ఇంజనీరింగ్ చదివినవారు ఒక్కరున్నా ఆ మాటల్లో నిజమెంతో తేల్చి చెప్పగలరు. మన ఇళ్ళలో చాలావరకు ఆ ఒక్కరు లేరు. మా ఇంట్లోనూ లేరు. మామిడి తోటల్లో కాయ కోసే ఇంట్లో డిగ్రీ పట్టా మాతోనే మొదలైంది. మేము బి.టెక్‌లో ఈసీఈ తీసుకుని, సాఫ్ట్‌వేర్ సబ్జెక్టులు దాని పక్కనే చదువుకుని, ఇప్పుడు ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ఎం.టెక్ చేస్తున్నాము. కావున ఫోనులో ఐదు నిమిషాల్లో చెప్పలేని జవాబును ఈ సంచికలో తీరికగా రాస్తున్నాము.

జవాబు సారాంశం ముందే చెబుతాము. మీరు ఏ బ్రాంచిలో చేరినా రెండో దానిని పూర్తిగా వదిలిపెట్టకండి. యంత్రం చెడినప్పుడు లోపం తీగలో ఉందో, రాసిన ప్రోగ్రాంలో ఉందో పట్టుకోగలిగేది రెండూ తెలిసినవారే. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

రెండు చదువుల తేడా

కరెంటుతో ఫ్యాను తిప్పితే, మోటారు నడిపితే అది ఎలక్ట్రికల్. అదే కరెంటును చాలా కొద్దిగా, కొలతగా వాడి దానితో మాటను, బొమ్మను, లెక్కను మోయిస్తే అది ఎలక్ట్రానిక్స్. ఆ యంత్రం ఏ పనిని ఏ వరుసలో చేయాలో రాసిపెట్టేది సాఫ్ట్‌వేర్.

మన హాస్టల్ వంటగదినే తీసుకోండి. పొయ్యి, గుండిగ, గరిటె హార్డ్‌వేర్ అయితే గోడ మీద అంటించిన మెనూ చార్టు సాఫ్ట్‌వేర్. గురువారం కూర మారాలంటే గుండిగను మార్చనక్కరలేదు, చార్టులో ఒక గీత కొట్టి రాస్తే చాలు. సాఫ్ట్‌వేర్ గొప్పతనం అదే. కానీ యాభై మందికి సరిపోయే గుండిగ పెట్టుకుని చార్టులో రెండువందల మందికి వంట అని రాస్తే ఏమవుతుంది? రాత తప్పు కాదు, గుండిగా చెడ్డది కాదు. ఒకదాని సంగతి తెలియకుండా రెండోది రాయడమే అక్కడి చిక్కు. ఈ గుండిగ లెక్క గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ పనికొస్తుంది.

ఈ రెండు చదువులూ గట్టిగా ముడిపడింది 1971లో. ఆ సంవత్సరం ఇంటెల్ సంస్థ 4004 అనే మైక్రోప్రాసెసర్‌ను విడుదల చేసింది. జపాన్‌కు చెందిన బిజికాం అనే లెక్కల యంత్రాల కంపెనీ కోసం మొదలైన పని అది. దానిలో దాదాపు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. అంతకుముందు ఒక్కో రకం యంత్రానికి ఒక్కో ప్రత్యేక సర్క్యూట్ గీయవలసి వచ్చేది. మైక్రోప్రాసెసర్ వచ్చాక చిప్ అదే ఉంచి, ప్రోగ్రాం మారిస్తే యంత్రం పని మారిపోయింది. నేడు వాషింగ్ మెషీన్ నుంచి రాకెట్ దాకా ఉన్నది ఈ సూత్రమే.

హైదరాబాదులో తయారయ్యే ఒక యంత్రం

రెండు చదువులు కలిసి చేసిన పనికి దూరదేశపు ఉదాహరణ అక్కరలేదు. ఎన్నికలప్పుడు మన బడిలోనే పోలింగు జరుగుతుంది. ఆ గదిలో పెట్టే ఓటింగు యంత్రమే మన ఉదాహరణ.

దేశంలో ఈ యంత్రాలను తయారుచేసే ప్రభుత్వ సంస్థలు రెండు. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, రెండవది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్. ఈసీఐఎల్ 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడింది. దాని స్థాపకులు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావు గారు. హైదరాబాదులోని ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదే ఉంది. టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అనే స్వదేశీ కంప్యూటర్లు ఈ సంస్థ నుంచే వచ్చాయి.

ఓటింగు యంత్రం నమూనాను ఈసీఐఎల్ 1979లో తయారుచేసింది. 1982 మే నెలలో కేరళలోని పరూరు అసెంబ్లీ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాల్లో మొదటిసారి వాడారు. అయితే చట్టంలో యంత్రం మాట లేదు గనుక ఆ ఓటింగు చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1988లో చట్టాన్ని సవరించిన తరువాతే దారి సుగమమైంది. 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా ఈ యంత్రాలనే వాడారు. ఓటు ఎవరికి పడిందో కాగితం మీద చూపే వీవీప్యాట్‌ను 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడారు.

ఈ యంత్రంలో రెండు చదువులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. కరెంటు లేని ఊళ్ళలో కూడా పనిచేయాలి గనుక బ్యాటరీతో నడుస్తుంది, ఇది ఎలక్ట్రానిక్స్ వారి నిర్ణయం. అధికారి కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ మీట నొక్కితేనే ఓటరు ఓటు వేయగలడు. ఒకసారి వేశాక, అధికారి మళ్ళీ నొక్కేదాకా బ్యాలెట్ యూనిట్ మీద ఎన్ని మీటలు నొక్కినా లెక్కలోకి రావు. ఇది ప్రోగ్రాం వారి నిర్ణయం. ఆ ప్రోగ్రాంను చిప్‌లో ఒక్కసారే రాస్తారు, తరువాత మార్చే వీలుండదు. ఇంటర్నెట్టు గాని, వైర్‌లెస్ గాని అందులో పెట్టలేదు. దొంగ రాకుండా కాపలా పెట్టడం ఒక పద్ధతి, అసలు తలుపే పెట్టకపోవడం మరొక పద్ధతి. ఆ రెండవ పద్ధతి తోచాలంటే సాఫ్ట్‌వేర్ వారికి హార్డ్‌వేర్ తెలియాలి, హార్డ్‌వేర్ వారికి సాఫ్ట్‌వేర్ భయాలు తెలియాలి.

పాఠం: మామిడి మాగబెట్టే గది

ఇక మన ప్రాంతపు ఉదాహరణతో ఒక పాఠం చదువుదాం. జిల్లాల విభజనలో 2022లో విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి గాని, బంగినపల్లి, చిన్నరసం, కలెక్టర్ కాయలకు ఆ గీత పట్టలేదు. నూజివీడు రోడ్డు పొడుగునా తోటలే. కాయను కార్బైడుతో మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది. దాని బదులు మూసిన గదిలో చల్లదనాన్ని అదుపులో ఉంచి, కొలత ప్రకారం ఇథిలీన్ వాయువు వదిలి మాగబెడతారు. అటువంటి గదిని 20 డిగ్రీల వద్ద ఉంచే చిన్న యంత్రం మనమే తయారుచేస్తున్నాం అనుకుందాం.

కావలసినవి నాలుగు. వేడిని కొలిచే ఎల్ఎం35 అనే సెన్సర్, ఆర్డుయినో అనే చిన్న బోర్డు, ఒక రిలే, గదిని చల్లబరిచే కంప్రెసర్. సెన్సర్ చెప్పిన సంగతిని బోర్డులోని ప్రోగ్రాం చదివి, రిలే ద్వారా కంప్రెసర్‌ను వేయడం, ఆపడం చేస్తుంది. వినడానికి రెండు లైన్ల పని: "20 కంటే ఎక్కువైతే వెయ్యి, తక్కువైతే ఆపు." ఈ రెండు లైన్లు రాసి పని అయిపోయిందనుకుంటే నాలుగు చిక్కులు ఎదురవుతాయి.

మొదటి చిక్కు కొలతలో. ఎల్ఎం35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 20 డిగ్రీలకు 200 మిల్లీవోల్టులు. ఆర్డుయినో ఊనో బోర్డు 0 నుంచి 5 వోల్టుల దాకా ఉన్న దూరాన్ని 1,024 మెట్లుగా విడగొట్టి చదువుతుంది. 5,000ను 1,024తో భాగిస్తే ఒక్కో మెట్టు దాదాపు 4.88 మిల్లీవోల్టులు. అనగా ఒక మెట్టుకు సుమారు అర డిగ్రీ. ప్రోగ్రాంలో ఎన్ని దశాంశ స్థానాలు రాసినా అర డిగ్రీ కంటే సన్నగా కొలవలేము. గజం బద్దతో దారపు పోగు మందం కొలిచినట్టే ఉంటుంది. అయితే ఆ బోర్డులోని చిప్‌లోనే 1.1 వోల్టుల మరో ప్రమాణం ఉంది. దానిని వాడమని ప్రోగ్రాంలో ఒక్క లైను రాస్తే మెట్టు 1.07 మిల్లీవోల్టులకు, అనగా డిగ్రీలో పదో వంతుకు దిగుతుంది. ఖర్చు ఏమీ లేదు. కానీ ఆ లైను రాయాలని తోచాలంటే చిప్ లోపల ఏముందో చదివి ఉండాలి.

రెండవ చిక్కు కంప్రెసర్‌ది. గది వేడి 20 దగ్గర ఊగుతూ ఉంటే, పై రెండు లైన్ల ప్రోగ్రాం రిలేను టకటకమని వేస్తూ ఆపుతూ ఉంటుంది. ఆపిన వెంటనే మళ్ళీ వేస్తే కంప్రెసర్ లోపలి ఒత్తిడి తగ్గక మోటారు బిగుసుకుని కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకని 21కి వేసి 19కి ఆపేటట్లు నడుమ ఎడం ఉంచాలి. ఆగిన తరువాత కనీసం మూడు నిమిషాలు గడిచాకే మళ్ళీ వేయాలి. ఫ్రిజ్ బాగుచేసే మెకానిక్‌కు ఈ సంగతి తెలుసు. ప్రోగ్రాం ఒక్కటే చదివినవారికి ఏ పుస్తకంలోనూ తగలదు.

మూడవ చిక్కు రిలేది. రిలే లోపల తీగచుట్ట ఉంటుంది. దానికి కరెంటు ఆపిన క్షణంలో ఆ చుట్టలో నిలవ ఉన్న శక్తి ఎదురు వోల్టేజిగా ఒక్కసారి ఎగదన్నుతుంది. ఆ దెబ్బకు బోర్డు ఉన్నట్టుండి మొదటికి వస్తుంది, అనగా రీసెట్ అవుతుంది. ల్యాబుల్లో చాలా తరచుగా కనిపించే దృశ్యం ఇది. సీఎస్ఈ విద్యార్థి రాత్రంతా ప్రోగ్రాంలో తప్పు వెతుకుతాడు, దొరకదు. చుట్టకు అడ్డంగా ఒకటి రెండు రూపాయల డయోడ్ ఒకటి సరైన వైపు తిప్పి పెడితే రోగం కుదురుతుంది.

నాలుగవ చిక్కు ఇందుకు తలకిందులు. ఇక్కడ ఈసీఈ విద్యార్థి మల్టీమీటరు పట్టుకుని తీగలన్నీ వెతుకుతాడు, తప్పు మాత్రం ప్రోగ్రాంలో ఉంటుంది. మూడు నిమిషాలంటే 1,80,000 మిల్లీసెకన్లు. ఈ అంకెను మామూలు పూర్ణాంకంగా దాచామనుకోండి. మన ఇంటి కంప్యూటర్లో అటువంటి పూర్ణాంకానికి సాధారణంగా 4 బైట్ల చోటు ఉంటుంది గనుక పడుతుంది. ఊనో బోర్డులో దానికి 2 బైట్లే చోటు. అందులో పట్టే పెద్ద అంకె 32,767. అంతకు మించిన 1,80,000 అందులో చేరితే మిగిలేది మైనస్ 16,608. కంప్రెసర్ ఆగవలసిన మూడు నిమిషాల లెక్క పూర్తిగా తప్పిపోతుంది. ఇదే మన గుండిగ లెక్క. దీనికి మందు ఆ అంకెకు పెద్ద చోటు అడగడమే, ఒక్క మాట మార్పు.

నాలుగు చిక్కుల్లో లోపం బయటపడిన చోటు ఒకటి, దాని మూలం ఉన్న చోటు మరొకటి. గదిలో ఉన్నది టన్నుల కొద్దీ కాయ. రైతుకు అది ఏడాది పంట. "మా ప్రోగ్రాం బాగానే ఉంది" అని ఒకరు, "మా సర్క్యూట్ బాగానే ఉంది" అని ఇంకొకరు చెప్పి వెళ్ళిపోతే కుళ్ళిన కాయకు జవాబుదారి ఎవరు?

చిన్న లెక్క, పెద్ద ప్రమాదం

ఇది చిన్న గది సంగతి. ఇదే లెక్క పెద్ద చోట తప్పితే ఎంత నష్టమో రెండు సంఘటనలు చెబుతాయి.

1996 జూన్ 4న ఐరోపా దేశాల ఆరియేన్-5 రాకెట్ తొలి ప్రయాణంలో నేల విడిచిన నలభై సెకన్లలోపే దారి తప్పి పేలిపోయింది. పాత ఆరియేన్-4 కోసం రాసిన ప్రోగ్రాం భాగాన్ని ఇందులో యథాతథంగా వాడారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. 64 బిట్లలో ఉన్న ఒక అంకెను 16 బిట్లలోకి మార్చబోతే అది పట్టలేదు, దారి చూపే కంప్యూటర్ ఆగిపోయింది. ప్రోగ్రాం పాత రాకెట్‌కు సరైనదే. హార్డ్‌వేర్ మారిందన్న సంగతి ఆ ప్రోగ్రాంకు తెలియలేదు.

రెండవది మరింత బాధాకరం. థెరాక్-25 అనే కాన్సర్ చికిత్సా యంత్రం 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు మోతాదుకు ఎన్నో రెట్లు మించిన కిరణాలు ఇచ్చింది. వారిలో కొందరు ఆ గాయాలతోనే మరణించారు. అంతకుముందున్న థెరాక్-20లో ప్రమాదం జరగకుండా తీగలతో, మీటలతో కట్టిన అడ్డుకట్టలు ఉండేవి. సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని కొత్త యంత్రంలో వాటిని తీసేశారు. ప్రోగ్రాంలో ఒక తనిఖీ అంకెకు ఒక్క బైటే చోటిచ్చారు. ఒక బైటులో 255 దాటితే మళ్ళీ సున్నా వస్తుంది. సున్నా అంటే తనిఖీ అక్కరలేదని ఆ ప్రోగ్రాం అర్థం. అలా 256 సార్లకు ఒకసారి తనిఖీ జరగకుండా పోయేది. పాత యంత్రంలో తీగల అడ్డుకట్ట ఇటువంటి తప్పులను ఆపేది. కొత్త దానిలో ఆపే దిక్కు లేకపోయింది.

యూనివర్సిటీలో ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి

బ్రాంచి పేర్లు వేరైనా సబ్జెక్టుల్లో కలిసే చోట్లు చాలా ఉన్నాయి. సీఎస్ఈ వారికి డిజిటల్ లాజిక్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ ఉంటాయి. ఈసీఈ వారికి మొదటి ఏడాదే సీ ప్రోగ్రామింగ్, తరువాత డిజిటల్ సర్క్యూట్లు, మైక్రోప్రాసెసర్లు ఉంటాయి. వీటిని పరీక్ష గట్టెక్కే సబ్జెక్టులుగా చూసేవారే ఎక్కువ. రెండు చదువులకూ మధ్య ఉన్న వంతెన ఇవే.

ఈసీఈలో చేరినవారు పక్కన చదువుకోవలసినవి మూడు: డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఏదైనా ఒక భాషలో రోజూ ప్రోగ్రాం రాసే అలవాటు. సీఎస్ఈలో చేరినవారు చదువుకోవలసినవి మూడు: ఓమ్ నియమం నుంచి డయోడ్, ట్రాన్సిస్టర్ దాకా ప్రాథమిక సర్క్యూట్లు, ఒక మైక్రోకంట్రోలర్, సెన్సర్ ఇచ్చే సంకేతాన్ని అంకెగా మార్చే పద్ధతి.

పట్టా మీద కూడా రెండూ కనిపించే మార్గాలున్నాయి. ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్ ఇంజనీరింగ్ అనే పేరుతో కొన్ని కాలేజీల్లో ప్రత్యేక బ్రాంచి ఉంది. లేదా బి.టెక్‌కు ఉండే 160 క్రెడిట్లకు అదనంగా మరో 18 నుంచి 20 క్రెడిట్లు వేరే బ్రాంచిలో చదివితే మైనర్ డిగ్రీ ఇచ్చే పద్ధతిని ఏఐసీటీఈ తన నమూనా పాఠ్యప్రణాళికలో పెట్టింది. కాలేజీని బట్టి నిబంధనలు మారుతాయి కనుక మొదటి ఏడాదే ఆఫీసులో కనుక్కోండి. పీజీలో ఎంబెడెడ్ సిస్టమ్స్, వీఎల్ఎస్ఐ వంటివి ఈ రెంటి నడుమ నిలిచే కోర్సులే.

హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ గారు మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీజీ చేసి, 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. మొదట చేరిన బ్రాంచి జీవితానికి కట్టుగొయ్య కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

బరువు ఎంత?

తీపి కబుర్లే చెప్పి వదిలేస్తే అది మోసం. రెండూ చదవడం అంటే బరువు ఎక్కువే. ల్యాబ్ రికార్డులు, సెమిస్టర్ పరీక్షలు అందరితో సమానంగా ఉండగా, రోజూ ఒక గంటో రెండు గంటలో అదనంగా కూర్చోవాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకమే పెద్ద గుట్ట. ఆ ఏడాది అదనపు బరువు ఎత్తుకోకండి. బ్యాక్‌లాగ్ లేకుండా గట్టెక్కడమే ఆ ఏడాది పని. రెండవ ఏడాది నుంచి రెండో చదువు మొదలుపెట్టండి.

ఉద్యోగాల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. క్యాంపస్‌కు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఏ బ్రాంచి వారినైనా తీసుకుంటాయి. కనుక ఈసీఈ చదివినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుంది, అలా వెళ్ళినవారే ఎక్కువ. ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ రెండూ కావలసిన ఉద్యోగాలు సంఖ్యలో తక్కువ. హైదరాబాదు, బెంగళూరుల్లోని చిప్ కంపెనీల్లో, రక్షణ, అంతరిక్ష సంస్థల్లో అవి ఉంటాయి, పరీక్షలు గట్టిగా ఉంటాయి. ఇంట్లో అప్పు ఉండి, చెల్లి పెళ్ళి ఉండి, పట్టా రాగానే జీతం కావలసినవారు ముందు దొరికిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరితే అది చిన్నతనం ఏమీ కాదు. మన ఇళ్ళలో మొదటి జీతం విలువ ఎంతో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చేరిన తరువాత కూడా రెండో చదువు చేతిలోనే ఉంటుంది, దానిని ఎవరూ తీసుకోలేరు.

ప్రతి హాస్టల్ గోడ మీదా ఫోటో ఉన్న బాబాసాహెబ్ లండన్‌లో ఒకవైపు ఆర్థికశాస్త్రం, మరోవైపు న్యాయశాస్త్రం చదివారు. ఆ రెండు చదువులూ తరువాత ఏ పనికి వచ్చాయో దేశానికంతటికీ తెలుసు.

మన దగ్గరి దారులు

పదో తరగతి తరువాత మన ప్రాంతం పిల్లలకు మూడు దారులున్నాయి.

ఒకటి, మన పక్కనే ఉన్న నూజివీడు ట్రిపుల్ ఐటీ. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద 2008లో ఇడుపులపాయ, బాసరలతో పాటు ఇది మొదలైంది. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బి.టెక్, మొత్తం ఆరేళ్ళు అక్కడే ఉండి చదవాలి. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి డిప్రివేషన్ స్కోరు పేరుతో కొంత కలిపే పద్ధతి ఉంది. ఈసీఈ, సీఎస్ఈ రెండూ ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట పుట్టి, తమ కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు ఆయనే. మద్రాసు గిండీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, తరువాత కంప్యూటర్ సైన్స్‌లోకి వెళ్ళి, మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టే విద్యలో పనిచేసి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మాట గాలిలో అలగా పుడుతుంది, మైకులో కరెంటుగా మారుతుంది, తరువాత అంకెగా మారి ప్రోగ్రాంకు అందుతుంది. ఆయన పని కూడా మన రెండు చదువుల కూడలిలోనే ఉంది.

రెండు, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా. మూడేళ్ళలో చేతికి పని వస్తుంది. ఆపైన ఈసెట్ రాస్తే నేరుగా బి.టెక్ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ల్యాబులో చేయి తిరిగి ఉంటుంది గనుక హార్డ్‌వేర్ వైపు వీరికి భయం ఉండదు.

మూడు, ఇంటర్ ఎంపీసీ, తరువాత ఎంసెట్. దీని పేరు మన రాష్ట్రంలో 2021 నుంచి ఈఏపీసెట్. చేరేముందు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించే కాలేజీయేనా, ల్యాబు తలుపులు విద్యార్థికి తెరిచి ఉంటాయా అని అక్కడ చదివే సీనియర్‌ను అడగండి. ఏజెంటును అడిగితే ఏజెంటు జవాబే వస్తుంది.

ఇప్పటి నుంచే చేయవలసినవి

ఎనిమిది, తొమ్మిది, పది చదువుతున్న తమ్ముళ్ళు దీనికోసం లాప్‌టాప్ వచ్చేదాకా ఆగనక్కరలేదు.

స్టడీ అవర్‌లో పది వేళ్ళతో రెండంకెల లెక్క నేర్చుకోండి. వేలు ముడిస్తే 0, చాపితే 1. మొదటి వేలు విలువ 1, తరువాతివి 2, 4, 8, 16... ఇలా పదో వేలు 512. అన్నీ చాపితే 1,023. సున్నాతో కలిపి 1,024 అంకెలు. పైన మామిడి గదిలో చెప్పిన 1,024 మెట్లు ఇవే. ఆ బోర్డు పది వేళ్ళతో లెక్కపెడుతున్నదన్న మాట.

పదో తరగతి భౌతికశాస్త్రంలోని ఓమ్ నియమాన్ని మార్కుల కోసం మాత్రమే చదవకండి. 5 వోల్టుల సరఫరా ఉంది, ఎర్ర ఎల్ఈడీ 2 వోల్టులు తీసుకుంటుంది, మధ్యలో 330 ఓముల నిరోధం పెడితే కరెంటు ఎంత? 3ను 330తో భాగిస్తే దాదాపు 9 మిల్లీ ఆంపియర్లు. ఈ లెక్క చేయగలిగితే మొదటి సర్క్యూట్ మీకు వచ్చినట్టే.

మరొకటి, మన ఊరి పేరుతోనే. కంప్యూటర్ తెలుగును యూనికోడ్‌లో దాచేటప్పుడు "విస్సన్నపేట"ను అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లులుగా విడదీసి 11 ముక్కలు చేస్తుంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో ముక్కకు 3 బైట్లు, అనగా 33 బైట్లు. అదే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 12 అక్షరాలకు 12 బైట్లు. ఊనో బోర్డులో ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే జ్ఞాపకం 2,048 బైట్లే. అందులో తెలుగులో ఎన్నిసార్లు మన ఊరి పేరు పడుతుందో భాగించి చూడండి. 62 అని వస్తే మీ లెక్క సరైనదే.

ఇంటర్, డిప్లొమా చదివేవారికి ఇంకొంచెం. టింకర్‌కాడ్ అనే వెబ్‌సైట్‌లో బోర్డు కొనకుండానే ఆర్డుయినో సర్క్యూట్ కట్టి ఉచితంగా నడిపి చూడవచ్చు. ఐఐటీల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా వినవచ్చు. నలుగురు కలిసి డబ్బులు వేసుకుంటే బోర్డు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. నలుగురిలో ఇద్దరు తీగల వైపు, ఇద్దరు ప్రోగ్రాం వైపు కూర్చోండి. నెల తిరగగానే తప్పకుండా చోట్లు మారండి. చోట్లు మారని జట్టులో సగం చదువే జరుగుతుంది.

చివరిగా ఒక మాట. వచ్చే ఏడాది ఆప్షన్లు పెట్టే రోజున నెట్ సెంటర్ కుర్రాడు "అన్నా, ఏం పెట్టమంటావు?" అని అడిగినప్పుడు, మీ నాన్నగారు మీ ముఖం వంక చూస్తారు. ఆ బ్రాంచి ఎందుకు పెడుతున్నారో ఆయనకు అర్థమయ్యే తెలుగులో రెండు మాటలు చెప్పగలిగితే చాలు, ఈ వ్యాసం రాసిన శ్రమ మాకు ఫలించినట్టే. అనుమానాలుంటే ఫోను చేయడం మాత్రం మానకండి. గడువుకు ఒక నెల ముందు చేయండి.